నరహరి అంబాసిడర్ ఎందుకు పట్టేసింది

సూరత్‌లోని కోసాడ్ క్వార్టర్లలో నరహరిని ఏమైనా అడగొచ్చు గానీ ఇంజన్ సంగతి మాత్రం ఎత్తకూడదు. ఎత్తితే ఆ పూట పని గంగలో కలిసినట్టే. అడిగినవాడు టీ తాగి, ఇంకో టీ కూడా తాగి, ఇక వెళ్తానని లేచినా భుజం పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టేవాడు.

వృత్తికి అతను మగ్గాల మిస్త్రీ. మీసాలు రాని వయసులో సిరిసిల్ల దిక్కు నుంచి తండ్రి వెంట సూరత్ వచ్చి, పవర్‌లూమ్ కార్ఖానాల్లోనే తల నెరిసినవాడు. మొదట నేత, తర్వాత రిపేరు. మగ్గాల హోరులో అన్నేళ్లు నిలబడినవాళ్లకు చెవులు సగమే మిగులుతాయి. నరహరికీ అంతే. అదే బిల్డింగులో మూడో అంతస్తులో ఉండే పరమేశ్‌కైతే అంతకన్నా తక్కువ. అందుకే అక్కడి మగవాళ్లు మంచిచెడ్డలు మాట్లాడుకున్నా కొట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు మొదటి రోజు హడలిపోతారు, రెండో రోజుకు తామూ అరవడం మొదలుపెడతారు.

పరమేశ్ భార్య వినోద. నరహరికి తోడబుట్టినది కాదు గానీ, నూలు పున్నమి నాడు రాఖీ కట్టడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఆ లెక్కన పరమేశ్ అతన్ని బావా అంటాడు. పరాయి ఊళ్లో చుట్టరికాలు అలాగే పుడతాయి, పుట్టాక సొంతవాటితో సమానంగా హక్కులు అడుగుతాయి.

ఇక ఆ అంబాసిడర్. అది కార్ఖానా శేఠ్ వాళ్ల నాన్న కొన్న కారు. శేఠ్ కొడుకుల కంటికి అది ఆనలేదు. షెడ్డు వెనక పిచ్చిమొక్కల్లో టైర్లు నేలకు అతుక్కుపోయి పడి ఉంటే, నరహరి వస్తూ పోతూ దాని వంక చూసేవాడు. ఆ చూపులకు శేఠ్‌కే విసుగొచ్చి ఒకరోజు, "లై జా, నరహరిభాయ్," తీసుకుపో అన్నాడు. నరహరి సెలవు రోజులన్నీ దానికే ధారపోశాడు. ఇంజన్ మొత్తం విప్పి, కిరోసిన్‌లో కడిగి, రింగులు మార్చి మళ్లీ బిగించాడు. కారుకు ప్రాణమొచ్చిన రోజు బిల్డింగంతా కిందికి దిగి చూసింది. ఆ తర్వాత పెళ్లికొడుకులు అందులోనే ఊరేగారు, బాలింతలు అందులోనే ఇంటికొచ్చారు.

"ఇంజన్ అరగకుండ ఎన్ని కిలోమీటర్లు నడుస్తది బావా?" అని పరమేశ్ కావాలనే కదిలించేవాడు. జవాబు తెలిసీ అడిగేవాడు.

"కిలోమీటర్ల లెక్క కాదయ్యా! రోడ్డు మీద ఇంజన్ అరగదు. పొద్దుగాల స్టార్ట్ జేసిన తొలి నిమిషంల అరుగుతది. రాత్రంత నిలవడ్డప్పుడు నూనె మొత్తం కిందికి దిగుతది. ఇనుమూ ఇనుమూ ఎండుగ రాసుకుంటయి. దుమ్ము తాగినా ఖరాబైతది, నీళ్లు లేక ఉడికినా ఖరాబైతది, నూనె నల్లగైనంక మార్వకున్నా ఖరాబైతది. గవన్నీ ఒకెత్తు, ఊకె నిలవెట్టుడు ఒకెత్తు. మంచిగ అర్సుకుంటె మన పిల్లల పిల్లలు గూడ నడుపుతరు. నిలవెడితె ఒక్క వానకాలంల ఖతం!"

అందుకే ఎక్కడికీ వెళ్లేది లేకపోయినా నరహరి రోజూ పొద్దున ఇంజన్ నడిపేవాడు. దానికొక పద్ధతి ఉంది. భార్య భాగ్యలక్ష్మి ముట్టించి ఇచ్చిన అగరొత్తిని బానెట్ సందులో గుచ్చడం, కార్ఖానాలో పొద్దున మగ్గానికి గుచ్చినట్టే. తర్వాత స్విచ్ వెయ్యకుండానే ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పడం, నూనె పైకి ఎక్కాలి కదా. అప్పుడు స్టార్టు. నీళ్ల వేడి చూపించే ముల్లు మధ్యకు వచ్చేదాకా నడవనిచ్చి, స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. అతనికి ఆ ఇంజన్ వినిపించేది ఆ స్క్రూడ్రైవర్ గుండానే. బయటివాళ్లకు అది ఎంత వినిపిస్తుందో అతను ఎన్నడూ ఆలోచించలేదు. మగవాళ్లందరిదీ తన చెవే కాబట్టి లోకానిదంతా తన చెవే అనుకున్నాడు.

కారెక్కితే పరమేశ్‌ది ఎప్పుడూ ముందు సీటే. మర్యాద కోసం కాదు. వెనక కూర్చుంటే ఒకరి మాట ఒకరికి వినపడదు. పక్కన కూర్చుని, ఒకరి చెవి వైపు ఒకరు వంగి, ఇద్దరూ ఊళ్లో చెరుకు రేటు దగ్గర నుంచి శేఠ్ పిసినారితనం దాకా అరుచుకుంటూ పోయేవాళ్లు.

లాక్‌డౌన్ వచ్చిన ఏడు మగ్గాలు ఆగిపోయాయి. సూరత్‌లో మగ్గాల చప్పుడు ఆగడమంటే ఊపిరి ఆగినట్టే. కొందరు రైళ్లెక్కి ఊళ్లకు పోయారు, కొందరు పోలేక ఉండిపోయారు. ఆ నిశ్శబ్దంలో పొద్దున్నే కింద అంబాసిడర్ ఒక్కటే నడిచేది. పై అంతస్తుల్లో ఆడవాళ్లు చీరలకు రాళ్లు అతికించే పని కూడా లేక బాల్కనీల్లో కూర్చుని ఆ చప్పుడు వినేవాళ్లట. అది వింటుంటే ఎక్కడో పని నడుస్తున్నట్టే అనిపించేదని తర్వాత వినోదే చెప్పింది.

మరుసటి ఏడు చైత్రంలో రోగం మళ్లీ విరుచుకుపడింది. ఈసారి పేపర్లో కాదు, పక్క బిల్డింగులోనే. నరహరితో కలిసి పనిచేసే ఆగయ్య, జ్వరం పట్టిన పొరుగాయన్ని స్కూటర్ మీద ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు. పొరుగాయన బతికి తిరిగొచ్చాడు, ఆగయ్య పోయాడు. కడసారి చూపు కూడా ఎవరికీ దక్కలేదు. ఆ కబురు విన్నప్పటి నుంచి నరహరి తలుపు గొళ్లెం తియ్యడానికి కూడా గుడ్డ వాడేవాడు. భాగ్యలక్ష్మికి షుగర్. గుమ్మం దాటొద్దని ఆమెను కట్టడి చేశాడు. అయినా పొద్దున కారు నడపడం మాత్రం మానలేదు.

వినోదకు జ్వరమని నరహరికి తెలుసు. పరమేశ్ మెట్ల మీద కనిపించినప్పుడల్లా నరహరి దూరం నుంచే చెయ్యెత్తి, "తగ్గుతది, ఏం గాదు!" అని అరిచేవాడు. అలా అరవడానికి ఖర్చేముంది?

ఆ రోజు ఎండ ఎక్కాక పరమేశ్ మూతికి తువ్వాల కట్టుకుని పరుగున దిగొచ్చాడు. కింది అంతస్తులో ఉండే నరహరి గుమ్మం దాకా రాకుండా, కారు పక్కనే ఆగాడు.

"బావా! వినోదకు ఊపిరాడ్తలేదు! అంబులెన్స్‌కు ఫోన్ జేసిన, అన్ని బండ్లూ తిరుగుతున్నయట, ఎప్పుడొస్తదో తెల్వది. జర బండి తియ్యి, దవాఖానకు పోదాం!"

నరహరి తలుపు సగం తెరిచి నిలబడ్డాడు. ఆగయ్య గుర్తొచ్చాడనీ, భాగ్యలక్ష్మి గుర్తొచ్చిందనీ తర్వాత తనకు తానే వెయ్యిసార్లు చెప్పుకున్నాడు. అవి రెండూ గుర్తొచ్చిన మాట నిజమే. కానీ అన్నిటికంటే ముందు గుర్తొచ్చింది సీట్లు. ఆ మధ్యే కొత్త రెగ్జిన్ వేయించాడు. రోగిష్టి మనిషి వాటి మీద పడుకుని దగ్గుతుంటే ఎలా ఉంటుందో కళ్లకు కట్టింది. రాఖీ కట్టిన చెల్లెలు ఊపిరాడక కొట్టుకుంటుంటే మనిషికి ముందుగా సీటు గుర్తొచ్చింది చూశారా, దానికి అతను ఈనాటికీ సిగ్గుపడతాడు. పడాలి కూడా.

"బండి నడువది," అన్నాడు నరహరి, మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని. "ఇంజన్ పట్టేసింది."

"ఆఁ? ఏందీ?" పరమేశ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

నోరు జారిన అబద్ధమైతే అక్కడ ఆగిపోయేదే. ఇంకో మాట అనడానికి దేవుడు అతనికి అంత సందు ఇచ్చాడు. నరహరి గుడ్డ తీసి, గొంతు పెంచి, బిల్డింగు దద్దరిల్లేలా అరిచాడు:

"ఇంజన్ పట్టేసిందీ! నిన్ననే! బండి నడువదీ!"

పరమేశ్ నమ్మాడు. ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. పైగా, "అయ్యో బావా," అని నరహరి మీదే జాలిపడ్డాడు. పోతూ పోతూ బానెట్ మీద చెయ్యేసి తట్టాడు. పొద్దున నడిచిన ఇంజన్ ఇంకా పూర్తిగా చల్లారలేదు. అయితే సూరత్ ఎండలో ఆ పూట ఏ ఇనుము చల్లగా ఉంది గనక? అతనికి తేడా తెలియలేదు. తలుపు మూసి కిటికీ వెనక నిలబడిన నరహరికి మాత్రం ఆ చెయ్యి తన ఒంటి మీద పడ్డట్టే అయింది.

కాసేపటికి పరమేశ్ ఎవరిదో కూరగాయల తోపుడుబండి తెచ్చాడు. దాని మీద బొంత పరిచి, వినోదను చేతుల మీద దించుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆమె ఒక చేత్తో బండి అంచు పట్టుకుంది, రెండో చేత్తో గొడుగు పట్టుకోబోతే నిలవలేదు. పరమేశ్ ఒక్కడే తోసుకుంటూ పోయాడు. కారు ముందు నుంచి పోతున్నప్పుడు వినోద తల తిప్పి దాన్ని చూసింది. కారు పాడైందని బాధపడుతోందేమో అనుకున్నాడు నరహరి. అలా అనుకోవడమే ఆ పూటకు అతనికి సుఖంగా ఉంది.

అమ్రోలీ రోడ్డు ఎక్కాక బట్టల టెంపో నడిపే ఒకతను, పేరైనా చెప్పకుండా, ఇద్దర్నీ ఎక్కించుకుపోయాడట.

ఆ మధ్యాహ్నం భాగ్యలక్ష్మి అన్నం పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు. "పొద్దుగాల అగరొత్తి ముట్టిచ్చి ఇచ్చింది నేనే గదా," అంది.

"నీకు షుగరున్నది. నీ కోసమే..."

"నా పేరు మీద ఎయ్యకు," అంది ఆమె. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా అతనికి కొంత తేలికయ్యేది.

వినోద బతికింది. చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉండి, సగం మనిషై తిరిగొచ్చింది. మూడు అంతస్తులు ఎక్కాలంటే మెట్టు మెట్టుకూ ఆగాలి. పది మాటలు ఒక్క ఊపిరిలో చెప్పలేకపోయేది. ఆమె వచ్చిన రోజు పరమేశ్ సంతోషం పట్టలేక నరహరి గుమ్మం ముందుకొచ్చి, "నీ బండి గూడ గదే టైంకు పండుకునె! టైం ఖరాబుంటె గంతే బావా, నీ తప్పేమున్నది!" అని ఓదార్చాడు. నరహరి తలూపాడు. అబద్ధం చెప్పినవాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఇంకెవరు వెయ్యగలరు?

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. పట్టేసిన ఇంజన్ పొద్దున్నే ఎలా నడుస్తుంది? నడపకూడదు. అగరొత్తి మానేశాడు, హ్యాండిల్ మానేశాడు. మగ్గాలు మెల్లగా తెరుచుకున్నాయి, పని మళ్లీ ఊపందుకుంది. కింద అంబాసిడర్ మాత్రం బొంత కప్పుకుని పడుకుంది. "విప్పుదాం పా బావా, నేను గూడ చెయ్యేస్త," అని పరమేశ్ అడిగిన ప్రతిసారీ ఒక కొత్త సాకు. సామాను బొంబాయి నుంచి రావాలన్నాడు, వచ్చింది తప్పుడు సైజన్నాడు, తర్వాత నడుం నొప్పన్నాడు. వానలు మొదలయ్యాయి. ఉప్పు తేమ, ఉక్కపోత, రోజుల తరబడి ముసురు. నూనె అంతా కిందికి దిగిపోయి ఉంటుందని అతనికి తెలుసు. తెరుచుకుని ఆగిన వాల్వుల్లోంచి తడి లోపలికి పోతుందనీ తెలుసు. బిల్డింగులో ఎవరికి తెలియకపోయినా అతనికి తెలుసు. ఒక్క అబద్ధాన్ని బతికించుకోవడానికి చేతులారా ఆ ఇంజన్‌ను చంపుకుంటున్నాడు.

నూలు పున్నమి వచ్చింది. వినోద ఎప్పటిలాగే పళ్లెం పట్టుకుని దిగొచ్చింది. దిగి గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. బొట్టు పెట్టి, రాఖీ కట్టి, నోట్లో మిఠాయి పెట్టింది. ఆమె మళ్లీ ఎక్కుతుంటే నరహరికి వెనకే పోయి పట్టుకోవాలనిపించింది. పోలేదు, ఆ చెయ్యి పట్టుకునే ముఖం తనకు లేదనుకున్నాడు. ఆమె మూడో అంతస్తు చేరేదాకా కిందే నిలబడి ప్రతి ఆగుడూ లెక్కపెట్టుకున్నట్టు విన్నాడు, ఆ సగం చెవులతోనే.

వానలు వెనకపట్టాక ఒకరోజు పరమేశ్ అడగడం మానేసి తానే బొంత లాగేశాడు. దీపావళికి బండి నడవాల్సిందేనన్నాడు. హ్యాండిల్ పెట్టి తిప్పబోయాడు. కదల్లేదు. నరహరి తీసుకుని తన బరువంతా వేశాడు. రాతిలో దిగేసినట్టుంది. ఇంజన్ నిజంగానే పట్టేసింది.

ఆ క్షణంలో నరహరి మనసు తేలికైంది. ఇక అది అబద్ధం కాదు, ఎవరొచ్చి చూసినా పట్టేసిన ఇంజనే! సొంత చేతులతో ప్రాణం పోసిన ఇంజన్ చచ్చిపడి ఉంటే లోపల సంతోషం పుట్టింది. ఆ సంతోషాన్ని గుర్తుపట్టగానే తన మీద తనకే రోత పుట్టింది.

ఇద్దరూ కలిసి హెడ్డు విప్పారు. మూడో సిలిండర్ గోడ చుట్టూ ఎర్రటి తుప్పు, పిస్టన్ దానికి కరుచుకుని ఉంది. "కిరోసిన్ పోసి నాననియ్యాలె," అన్నాడు నరహరి. పరమేశ్ కిరోసిన్ కోసం వీధి చివరికి పోయాడు.

అప్పుడు వినోద టీ తీసుకుని దిగొచ్చింది. గ్లాసు ఫెండర్ మీద పెట్టి, సిలిండర్ల వంక చూసి, ఏదో అంది. నరహరికి వినపడలేదు. "ఆఁ? ఏంది చెల్లె?" అన్నాడు. గట్టిగా చెప్పేంత ఊపిరి ఆమె దగ్గర లేదు. దగ్గరికొచ్చి, అతని చెవి పక్కన, మధ్యమధ్య ఆగుతూ చెప్పింది.

"గా దినం... పొద్దుగాల గూడ... నీ బండి నడిచింది అన్నా. నేను మంచంల నుంచి ఇన్న. మా ఆడోళ్లందరం... ఇన్నం."

మగవాళ్ల చెవులు మగ్గాలు తినేశాయి, నిజమే. కానీ ఇళ్లల్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే ఆడవాళ్ల చెవులను ఎవరు తిన్నారు? అన్నాళ్లూ ప్రతి పొద్దూ వాళ్లు విన్నారు. ఆ రోజు పొద్దున ఇంజన్‌నూ విన్నారు, ఎండెక్కాక అతని అరుపునూ విన్నారు. విని కూడా పండగలకు అన్నా అని పిలిచారు, ఇంటికి చక్కెర అడగడానికి వచ్చారు, బండి బాగైందా అని మర్యాదగా అడిగారు.

"మరి... పరమేశ్‌కు?"

"జెప్పలే. గీ ఊర్ల ఆయన నమ్మేది... నిన్నొక్కనివే. జెప్తె ఏం గావాలె ఆయన?" ఆమె కారుకు ఆనుకుంది. "గని నాతోని ఐతలేదన్నా. ఉన్న ఊపిరి... నాకే సాల్తలేదు. నీ మాట గూడ నేనే మొయ్యాల్నా?"

పరమేశ్ డబ్బా ఊపుకుంటూ వచ్చాడు. "దొరికింది బావా!"

"పరమేశ్," అన్నాడు నరహరి. "గప్పుడు ఇంజన్ పట్టెయ్యలే."

"ఆఁ? ఏందీ?"

మెల్లగా చెప్పే వీలు లేదు. ఆ బిల్డింగులో రహస్యంగా ఒప్పుకునే వసతి అతనికి లేదు. అబద్ధం ఎంత గట్టిగా చెప్పాడో నిజమూ అంత గట్టిగా చెప్పాలి. నరహరి గొంతు చించుకున్నాడు.

"గా దినం బండి మంచిగనే నడిచిందీ! నేను భయపడి అబద్ధం జెప్పిన! సీట్లు ఖరాబైతయని జెప్పిన! నిలవెట్టి నిలవెట్టి ఇప్పుడు పట్టేసిందీ!"

పై బాల్కనీల్లో చీరలు ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు పని ఆపారు. కానీ ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. పరమేశ్ తలెత్తి ఆ ముఖాలను ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు. తనొక్కడికే తెలియదని అప్పుడు అతనికి అర్థమైంది.

నరహరి తిట్టు కోసం ఎదురుచూశాడు, దెబ్బకు కూడా సిద్ధపడ్డాడు. పరమేశ్ డబ్బా మూత తీసి, వంగి, మూడో సిలిండర్లో కిరోసిన్ ఒలికిపోకుండా పోశాడు. "ఎన్ని దినాలు నాననియ్యాలె?" అని అడిగాడు. నరహరి చెప్పాడు. పరమేశ్ చేతులు తుడుచుకుని, వినోద భుజం చుట్టూ చెయ్యేసి మెట్ల వైపు నడిచాడు. ఫెండర్ మీద టీ చల్లారిపోయింది.

పిస్టన్ వదిలింది. నరహరి ఒక్కడే కూర్చుని తుప్పు గీకి, సిలిండర్ నున్న చేయించి, రింగులు మార్చాడు. దీపావళి తర్వాత కార్ఖానాలన్నీ పూజలు చేసి మళ్లీ తెరిచే లాభ్ పంచమి నాడు ఇంజన్ నడిచింది. మునుపటి నడక కాదు. పొగ వస్తుంది, నూనె తాగుతుంది. ఇంకెన్నాళ్లు నడుస్తుందని ఇప్పుడెవరైనా అడిగితే నరహరి జవాబు చెప్పడు.

ఆ చలికాలంలో ఒక పొద్దున పరమేశ్ గుమ్మం ముందుకొచ్చాడు. "వినోదకు ఛాతీ ఫోటో తీపియ్యాలె. బండి తీస్తవా?"

నరహరి చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయటికొచ్చాడు. ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. పరమేశ్ వెనక తలుపు తీసి, భార్యను జాగ్రత్తగా ఎక్కించి, ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆ రెగ్జిన్ సీటు మీదే.

తాపీ వంతెన మీద బళ్లు ఆగి ఆగి కదులుతున్నాయి. నరహరి అద్దంలో చూశాడు. పరమేశ్ కిటికీలోంచి నీళ్ల వైపు చూస్తున్నాడు.

"తప్పయింది పరమేశ్," అన్నాడు నరహరి.

ఇంజన్ చప్పుడులో ఆ మాట పరమేశ్ దాకా పోలేదు. వినోదకు వినిపించింది. ఆమె అద్దంలో నరహరి కళ్లలోకి చూసింది, భర్తకు మాత్రం ఏమీ చెప్పలేదు.